బ్రిటన్‌లో మిలిటరీ హెలికాప్టర్ రెస్క్యూ ఎత్తేశారు కదా, జరిగింది మంచికేనా?

కొండదారి
నార్త్ వేల్స్‌లో ఉంటాను, సెలవు దొరికితే స్నోడన్ వైపు కొండలెక్కడం అలవాటు. మా వాకింగ్ క్లబ్బులో పెద్దవాళ్లంతా ఇప్పటికీ ఒకటే పాట: పసుపు రంగు సీ కింగ్ హెలికాప్టర్లున్న రోజులే వేరు అని. మొదట్లో ముసలాళ్ల చాదస్తం అనుకున్నాను గానీ, కాస్త చదివాక నాకూ మండుతోంది.

2015 అక్టోబరు 4న ఆర్ఏఎఫ్, అంటే బ్రిటన్ ఎయిర్‌ఫోర్స్, ఈ పని ఆపేసింది. 2016 జనవరి 1 నుంచి నేవీ కూడా. అరవై ఏళ్లకు పైగా సైన్యం చేసిన పనిని బ్రిస్టో అనే కంపెనీకి పదేళ్లకు 160 కోట్ల పౌండ్ల కాంట్రాక్టు కింద అప్పజెప్పారు. ఆంగ్లసీలో వ్యాలీ ఎయిర్‌ఫోర్స్ బేస్ నుంచి లేచే హెలికాప్టర్ బదులు ఇప్పుడు కార్నార్వన్ నుంచి ఎరుపూ తెలుపూ రంగుల కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్ వస్తుంది.

ప్రాణాలు కాపాడే పనిని కూడా టెండర్ పిలిచి ఇస్తారా? గాలివానలో, అర్ధరాత్రి, క్రిబ్ గోఖ్ లాంటి కత్తి అంచు మీద ఇరుక్కున్నవాడి కోసం లాభాల కోసం నడిచే కంపెనీ తన పైలట్‌ని పంపుతుందా? అక్కడున్నవాళ్లు, విషయం తెలిసినవాళ్లు చెప్పండి.

ఎల్1_బాధితుడు
తక్కువ కోట్ చేసినవాడికే పని. తాడు సగం దాకానే దిగుతుంది, మిగతా సగానికి సప్లిమెంటరీ ఎస్టిమేట్ పెడతారు.

పులిహోర_పొట్లం
పైకి లాగాక "రేటింగ్ ఇవ్వండి సార్, ఐదు స్టార్లు" అంటాడేమో.

అబర్డీన్_రాజు
నవ్వులు సరే గానీ కొండదారి, నువ్వు కథ సగం నుంచి చదివావు. షెట్లాండ్‌లో సంబరా నుంచి కోస్ట్‌గార్డ్ తరఫున రెస్క్యూ హెలికాప్టర్ 1983 నుంచీ ఉంది. అది నడిపింది సైన్యం కాదు, ఇదే బ్రిస్టో. 1987లో స్టోర్నోవే వచ్చింది. తర్వాత లీ-ఆన్-సొలెంట్, పోర్ట్‌లాండ్. 2015 నాటికి దేశంలో ఉన్న పన్నెండు బేసుల్లో నాలుగు అప్పటికే సివిల్. మిగతా ఎనిమిదిలో ఆర్ఏఎఫ్‌వి ఆరు, నేవీవి రెండు. నార్త్ సీ ఎంత చెడ్డదో చూసినవాళ్లకి తెలుసు. అక్కడ ముప్పై ఏళ్లపాటు చేసినవాళ్లకి స్నోడన్ చేతకాదా?

నేను సముద్రంలో ఆయిల్ రిగ్గుల మీద పనిచేస్తాను. డ్యూటీకి ఎక్కేదీ దిగేదీ హెలికాప్టర్లోనే, అది నడిపేవాళ్లు కంపెనీ పైలట్లే. మాకు ఇందులో కొత్తేం లేదు. ఇక్కడి పాతవాళ్లు పైపర్ ఆల్ఫా అనే ఆయిల్ రిగ్గు తగలబడటం గురించి చెప్తారు, 1988 జులై 6 రాత్రి. 167 మంది పోయారు, 61 మంది బతికారు. ఆ రాత్రి లాసీమౌత్ నుంచీ బౌమర్ నుంచీ ఆర్ఏఎఫ్ సీ కింగ్‌లు వచ్చాయి, కోస్ట్‌గార్డ్ హెలికాప్టరూ వచ్చింది, పక్కనున్న బోట్లూ వచ్చాయి. నీళ్లలో ఉన్నవాడు ఎవరి యూనిఫాం ఏదని చూసుకోడు.

కొండదారి
రాజు అన్నా, సంబరా సంగతి సరే. నాలుగు బేసులు కాంట్రాక్టుకి ఇవ్వడం వేరు, పక్కన ఎనిమిది సైన్యంవి ఉండగా. మొత్తం సర్వీసంతా ఒక్కరి చేతిలో పెట్టడం వేరు. రేపు ఆ కంపెనీ దివాలా తీస్తే?

అబర్డీన్_రాజు
ఆ ప్రశ్న మంచిది. దానికి నా దగ్గర జవాబు లేదు.

లెక్కలమాస్టారు
ప్రభుత్వం అప్పట్లో ఇచ్చిన లెక్క ఇది. బేస్ నుంచి ఘటనాస్థలానికి సగటున 23 నిమిషాలు పట్టేది 19 అవుతుందన్నారు. ప్రమాదాలు ఎక్కువగా జరిగే ప్రాంతాల్లో 30 నిమిషాల్లో చేరగలిగేవి సుమారు 70 శాతం నుంచి 85కి పెరుగుతాయన్నారు. కారణం సాదా: పాత సీ కింగ్ కన్నా కొత్త ఎస్-92, ఏడబ్ల్యూ189 వేగం ఎక్కువ. పిలుపొచ్చాక లేవాల్సిన గడువు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. పగలు 15 నిమిషాలు, రాత్రి 45.

ఆర్ఏఎఫ్ సీ కింగ్‌లు 1978 నుంచి ఈ డ్యూటీలో ఉన్నవి. వాటిని మార్చడం ఎలాగూ తప్పదు. కొత్తవి ఎవరు కొంటారు, రక్షణశాఖా రవాణాశాఖా అన్నదే అసలు తగువు. రక్షణశాఖ "పిలుపుల్లో మావాళ్లవి చాలా తక్కువ, దాదాపు అన్నీ సివిలియన్లవే, మా బడ్జెట్ ఎందుకు ఖర్చుపెట్టాలి" అంది. నిజమే కదా.

న్యూకాజిల్_నాని
మాస్టారూ, సగటు అంటే మాకు ఒళ్లు మండుతుంది. నార్తంబర్లాండ్‌లో బౌమర్ బేస్ మూసేశారు. ఇప్పుడు మాకు రావాలంటే కింద హంబర్‌సైడ్ నుంచి, లేకపోతే అటు స్కాట్లాండ్ పడమర తీరంలో ప్రెస్ట్‌విక్ నుంచి. వేల్స్ వాళ్లకి నాలుగు నిమిషాలు తగ్గితే, మాకు పెరిగినవి అందులో కలిసిపోయి కనిపించవు.

చెవియట్ కొండల్లో మా ఫ్రెండ్ ఒకడు మడమ విరగ్గొట్టుకున్నాడు. హెలికాప్టర్ వేరే పిలుపు మీద ఉందన్నారు. మౌంటెన్ రెస్క్యూ వాలంటీర్లు స్ట్రెచర్ మీద మోసుకొచ్చారు. బురద, బోగ్, చీకటి. మోసినవాళ్లలో ఒకాయన స్కూల్ టీచర్, ఇంకొకాయన ప్లంబర్. వాళ్లకి జీతం లేదు, మర్నాడు పొద్దున్నే డ్యూటీ.

పులిహోర_పొట్లం
ఆ ప్లంబర్ గారిని ఇంట్లో ట్యాప్ బాగుచేయమని పిలిస్తే మాత్రం మూడు వారాల దాకా రాడు. కొండ మీద పడితేనే వస్తాడన్నమాట.

న్యూకాజిల్_నాని
హహ, ఇంగ్లండులో ప్లంబర్ దొరకాలంటే అదే దారి.

నైట్‌డ్యూటీ_డాక్టర్
నేను ఎమర్జెన్సీలో పనిచేస్తాను, హెలిప్యాడ్ ఉన్న ఆసుపత్రి. యూనిఫాం సెంటిమెంట్ బయటివాళ్లది, మాకు తెలిసింది స్ట్రెచర్ వెనక వచ్చే వించ్‌మన్, అంటే హెలికాప్టర్ నుంచి కేబుల్ మీద కిందికి దిగేవాడు. హెల్మెట్ తీయకుండానే మొదలుపెడతాడు: వయసు ఇంత, ఇన్ని మీటర్లు జారాడు, స్పృహ ఎప్పుడు పోయింది, ఏ మందు ఎంత ఇచ్చాను, టెంపరేచర్ ఇంత. చేతి గ్లోవ్ మీద పెన్నుతో రాసుకున్న టైములు చూసి చదువుతాడు. రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ లోపు మేం తడిబట్టలు కత్తిరించేస్తూ ఉంటాం. సివిల్ రెస్క్యూ సర్వీస్ మొదలైనప్పుడు మా సీనియర్ సిస్టర్ ఒకావిడ అన్నమాట: మనుషులు వాళ్లే, జాకెట్ మారింది అంతే. ఆర్ఏఎఫ్, నేవీ నుంచి చాలామంది నేరుగా కొత్త ఉద్యోగాల్లోకి వచ్చారు మరి.

కాకపోతే యంత్రాలు మారితే సమస్యలూ మారతాయి. ఎస్-92 బరువు ఎక్కువ, కిందికి కొట్టే గాలి భయంకరం. 2022 మార్చిలో ప్లిమత్‌లో ఆసుపత్రి హెలిప్యాడ్‌లో అలాంటి కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్ దిగుతుంటే, పక్క కార్ పార్కులో నడుస్తున్న పెద్దావిడ ఆ గాలికి పడిపోయి చనిపోయింది. ఆ తర్వాత దేశంలో ప్రతి ఆసుపత్రీ తన హెలిప్యాడ్ చుట్టూ చూసుకోవాల్సి వచ్చింది. మా దగ్గర ఇప్పుడు హెలికాప్టర్ వస్తోందంటే సెక్యూరిటీవాళ్లు ముందుగా బయటికి పరిగెడతారు.

రాజభక్తుడు
అంతా మాట్లాడారు గానీ అసలువాణ్ణి మర్చిపోయారు. వ్యాలీలో ప్రిన్స్ విలియం 2010 నుంచి 2013 దాకా ఇదే సీ కింగ్ నడిపాడు. స్నోడన్ మీద కాలు బెణికితే కాబోయే రాజు వచ్చి తీసుకెళ్లేవాడు. ఇప్పుడెవడొస్తాడు?

ఎల్1_బాధితుడు
మా ఊళ్లో కాలు బెణికితే కాబోయే సర్పంచ్ కూడా రాడు.

అబర్డీన్_రాజు
జోకు పక్కన పెడితే, 2011 నవంబరులో ఐరిష్ సీలో స్వాన్‌లాండ్ అనే సరుకు ఓడ మునిగినప్పుడు ఆయన కో-పైలట్‌గా వెళ్లాడు. ఎనిమిది మందిలో ఇద్దరే దక్కారు. ఎవరు నడిపినా సముద్రం కొన్నిసార్లు ఇవ్వదు.

విశాఖ_తీరం
మన నేవీలో పనిచేసి రిటైరయ్యాను, విశాఖలోని నేవీ ఎయిర్ బేస్ ఐఎన్ఎస్ డేగాలో చాలాకాలం ఉన్నాను. అందరూ కంపెనీ, కాంట్రాక్టు అంటున్నారు. కేబుల్ చివర ఏం జరుగుతుందో ఎవరూ చెప్పడం లేదు కాబట్టి రాస్తున్నాను.

హెలికాప్టర్ గాల్లో ఉన్నంతసేపూ దానికి స్టాటిక్ కరెంటు పడుతుంది. కిందికి దించిన హుక్ నీటినో నేలనో తాకకముందే ఎవరైనా చేత్తో పట్టుకుంటే ఒక దెబ్బ కొడుతుంది, మనిషి వెనక్కి పడతాడు. మత్స్యకారులకి ఇది ఎన్నిసార్లు చెప్పినా, హుక్ కనపడగానే చేతులు చాస్తారు. భయంలో ఉన్నవాడు వేరేగా చేయడు. పైలట్‌కి కింద ఏం జరుగుతుందో కనిపించదు. తలుపు దగ్గర పడుకుని చూసేవాడు చెప్తాడు: ముందుకు పది, ముందుకు ఐదు, ఆగు, కుడికి రెండు. ఆ గొంతు వణకకూడదు. పడవ ఊగుతుంటే, దాని మీద తెరచాప స్తంభంలాంటిది ఉంటే, నేరుగా దించరు. ముందు బరువు కట్టిన సన్నతాడు వదులుతారు, పడవలోవాళ్లు దాన్ని లాగిపట్టుకుంటే ఆ దారిన మనిషిని దింపుతారు. ఆ తాడుని పడవకి కట్టేశారా, అందరూ పోయినట్టే.

ఈ పని పుస్తకం చదివితే రాదు. రోజూ ఎగరాలి. సైన్యంలో ఎగరడానికి ఎవడూ బిల్లు అడగడు. కంపెనీలో ట్రైనింగ్ గంటకి కూడా ఖర్చు రాస్తారు. నా అనుమానమల్లా అక్కడే.

అబర్డీన్_రాజు
గురువుగారూ, గొప్పగా రాశారు. ఒక్క మాట మాత్రం: ట్రైనింగ్ గంటలు కాంట్రాక్టులోనే ఉంటాయి. సర్వీసు 98 శాతం టైం అందుబాటులో ఉండాలని రాసుకున్నారు, లేకపోతే డబ్బు కోస్తారు. సీ కింగ్‌లు చివరి రోజుల్లో స్పేర్ పార్టుల్లేక ఎంత అవస్థపడ్డాయో సైన్యంవాళ్లే చెప్తారు.

విశాఖ_తీరం
98 శాతం అందుబాటు అంటే హ్యాంగర్లో రెడీగా ఉండటం. కొండ పక్కన మబ్బులో, రాయి రాయి చూసుకుంటూ నడిచినట్టుగా పైకి వెళ్లడం ఏ శాతంలో వస్తుంది బాబూ?

కొండదారి
ఇదీ నేను అడగాలనుకున్నది. థాంక్స్ బాబాయ్.

డబ్లిన్_దాసు
ఐర్లండ్‌లో ఇదే కథ ఇంకా ముందే జరిగింది. 1999 జులైలో ట్రామోర్ దగ్గర ఎయిర్ కోర్ (ఐరిష్ సైన్యం వైమానిక విభాగం) హెలికాప్టర్ ఒకటి రెస్క్యూ ముగించుకుని తిరిగొస్తూ పొగమంచులో ఇసుకదిబ్బకి కొట్టుకుని నలుగురూ పోయారు. అది మిలిటరీ. 2004లో ఎయిర్ కోర్ ఈ పని నుంచి పూర్తిగా తప్పుకుంది, సీహెచ్‌సీ అనే కంపెనీ చూసుకుంది. 2017 మార్చిలో ఆ కంపెనీ ఎస్-92, రెస్క్యూ 116, మాయో తీరంలో బ్లాక్‌రాక్ అనే చిన్న దీవికి కొట్టుకుంది. మళ్లీ నలుగురు. అది సివిల్. రెండుసార్లూ ఊళ్లకి ఊళ్లు ఏడ్చాయి. కాబట్టి మిలిటరీ అయితే క్షేమం, కంపెనీ అయితే ప్రమాదం అన్న వాదన దయచేసి వద్దు. ఉల్టా కూడా వద్దు.

ఉప్సాల_ఉమ
స్వీడన్ నుంచి. ఇక్కడ సైన్యం వదిలేశాక ఒక ప్రైవేటు కంపెనీ చేతికి వచ్చింది, తర్వాత 2011లో ప్రభుత్వ మారిటైమ్ సంస్థే ఆ హెలికాప్టర్ వ్యవస్థని కొనేసి తనే నడుపుకుంటోంది. సైన్యమూ కాదు, కాంట్రాక్టరూ కాదు. మీరంతా రెండే దారులున్నట్టు కొట్టుకుంటున్నారు. పక్కన నార్వేలో అయితే ఎయిర్‌ఫోర్స్ 330 స్క్వాడ్రనే ఇప్పటికీ చేస్తోంది, సీ కింగ్‌లు మార్చి కొత్త ఏడబ్ల్యూ101లు తెచ్చుకున్నారు. అంటే సీ కింగ్ ముసలిదైంది కాబట్టి సైన్యం మానుకోక తప్పదు అన్న మాస్టారి మాట నిలవదు.

లెక్కలమాస్టారు
ఉమగారూ, మానుకోక తప్పదని నేననలేదు, హెలికాప్టర్ మార్చక తప్పదన్నాను. నార్వే దగ్గర డబ్బుంది, మనసూ ఉంది. బ్రిటన్‌లో 2010 నాటికి రెండూ తక్కువే.

ఎల్1_బాధితుడు
మాస్టారూ, 2010 అంటే గుర్తొచ్చింది, ఆ మొదటి టెండర్ కథ చెప్పండి. దాంట్లో మన వాసన ఉంది.

లెక్కలమాస్టారు
ఉంది :) మొదట సొటేరియా అనే కన్సార్షియంకి ఇవ్వాలనుకున్నారు. 25 ఏళ్లు, 600 కోట్ల పౌండ్లు. ఆ పథకంలో సివిల్ సిబ్బందితో పాటు కొందరు మిలిటరీవాళ్లు కూడా కలిసి పనిచేసేవాళ్లు. తీరా సంతకాల దగ్గరికొచ్చాక, బిడ్డర్ల వైపు మనుషుల చేతికి బయటికి రాకూడని వాణిజ్య సమాచారం చేరిందని తేలింది. 2011 ఫిబ్రవరిలో మొత్తం రద్దు. ఆ ఏడాది నవంబరులో పూర్తిగా సివిల్ చేసేస్తామని ప్రకటించారు, 2013 మార్చిలో బ్రిస్టోకి ఇచ్చారు. అంటే మిలిటరీవాళ్లు కొందరైనా మిగిలే దారి ఒకటి ఉండేది, అది టెండర్ గొడవలో పోయింది.

ఎల్1_బాధితుడు
ఆహా. కన్నులపండుగ. ఎక్కడికెళ్లినా సీల్డ్ కవర్ ముందే తెరుచుకుంటుంది.

ఖమ్మం_కుర్రాడు
మీకు ఎవడు నడపాలన్న గొడవ. మాకు అసలు రావడమే గొడవ. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి మా ప్రకాశ్‌నగర్ బ్రిడ్జి మీద తొమ్మిదిమంది ఇరుక్కున్నారు. హెలికాప్టర్ వస్తుంది వస్తుంది అన్నారు, వాతావరణం బాగాలేదని రాలేదు. చివరికి హరియాణా నుంచి వచ్చి ఇక్కడ పనిచేసుకుంటున్న జేసీబీ డ్రైవర్ బండి వేసుకుని నీళ్లలోకి వెళ్లి అందరినీ తెచ్చాడు. పోతే నేనొక్కడినే, వస్తే తొమ్మిదిమందితో అని వెళ్లాడని అందరూ చెప్పుకున్నారు.

నైట్‌డ్యూటీ_డాక్టర్
ఆ వీడియో చూస్తుంటే చేతులు చల్లబడ్డాయి.

పులిహోర_పొట్లం
జేసీబీకి వాతావరణం క్లియరెన్స్ అక్కర్లేదు.

విశాఖ_తీరం
ఖమ్మం తమ్ముడూ, అక్కడ వెళ్లనివాళ్లని తిట్టడం తేలిక. రాత్రిపూట, వానలో, కరెంటు తీగల మధ్య ఊళ్లోకి హెలికాప్టర్ దించడం వేరే విద్య. మనకి ఎయిర్‌ఫోర్స్ ఎంఐ-17లు ఉన్నాయి, 2021 నవంబరులో అనంతపురం జిల్లాలో చిత్రావతి మధ్యలో చిక్కుకున్న పదిమందిని అలాగే పైకి తీశారు. నేవీ, కోస్ట్‌గార్డ్ ఉన్నాయి. కానీ ఇదే పనిగా, ఇరవైనాలుగ్గంటలూ, పావుగంటలో లేచేలా కూర్చునే బేసు మన రాష్ట్రాల్లో నేల మీద పిలుపులకి లేదు. బ్రిటన్‌లో మిలిటరీ తప్పుకున్నా ఆ కుర్చీ ఖాళీ కాలేదు. ఇంకొకడొచ్చి కూర్చున్నాడు. మనకి కుర్చీయే వేయలేదు.

ఖమ్మం_కుర్రాడు
అదే బాబాయ్ నా బాధ.

అబర్డీన్_రాజు
ఇంకో మాట, ఎవరూ ఎత్తలేదు. మన 108 అంబులెన్స్ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. మొదటి నుంచీ నడిపింది ప్రభుత్వ శాఖ కాదు, ఈఎంఆర్ఐ అనే సంస్థ, డబ్బు ప్రభుత్వానిది. తర్వాత చేతులు మారాయి. రోడ్డు మీద దెబ్బ తగిలి పడున్నవాడు ఎవరైనా యాజమాన్యం ఎవరిదని అడిగాడా? ఎన్ని నిమిషాల్లో వచ్చింది అనేగా చూస్తాం.

కొండదారి
అన్నా, 108లో కూడా డ్రైవర్ల జీతాలు, డీజిల్ బిల్లులు ఆగిపోయి బండ్లు ఆగిన రోజులున్నాయి. యాజమాన్యం ఎవరిదని రోగి అడగడు గానీ, ఆ బాధ పడేది రోగే.

డబ్లిన్_దాసు
పాయింటే.

న్యూకాజిల్_నాని
పైగా ఇంగ్లండులో లైఫ్‌బోట్లు ప్రభుత్వానివే కావు. ఆర్ఎన్ఎల్ఐ, 1824 నుంచి చందాలతో నడిచే ఛారిటీ. పబ్బులో కౌంటర్ మీద పడవ ఆకారంలో డబ్బా పెట్టి చిల్లర వేయమంటారు. 1981 డిసెంబరు 19న పెన్లీ దుర్ఘటనలో యూనియన్ స్టార్ ఓడ మీంచి మనుషుల్ని తీయడానికి నేవీ సీ కింగ్ ప్రయత్నించింది. గాలికి, ఊగే స్తంభానికి కుదరలేదు. తర్వాత ఊరి లైఫ్‌బోట్ వెళ్లింది, ఎనిమిదిమంది వాలంటీర్లూ తిరిగి రాలేదు. ఓడలో ఎనిమిదిమందీ పోయారు. జీతంలేని జాలర్లు వెళ్లారు చూడు, అక్కడ కాంట్రాక్టు ఏం రాసి ఉంది?

కొండదారి
అది చదివాక ఏం రాయాలో తోచలేదు. కాసేపు ఆగి రాస్తున్నా.

నా బాధ ఎక్కడుందంటే: ఆర్ఏఎఫ్ లెక్క ప్రకారం 1983 నుంచి 2015 దాకా 34 వేలకు పైగా పిలుపులు, 26 వేలకు పైగా మనుషులు. ఆ 34 వేల పిలుపుల్లో పోగైన అనుభవమంతా ఒక స్క్వాడ్రన్ నుంచి ఇంకో స్క్వాడ్రన్‌కి, పెద్దవాళ్ల నుంచి కుర్రాళ్లకి వచ్చింది. ఇప్పుడు సైన్యంలో ఆ పని లేదు. మొదటి పదేళ్లూ కంపెనీ సైన్యం తయారుచేసిన మనుషుల మీద బతికింది. వాళ్లు రిటైరయ్యాక?

విశాఖ_తీరం
సరిగ్గా పట్టుకున్నావు.

అబర్డీన్_రాజు
కొత్తవాళ్లని తయారుచేస్తున్నారు. సంబరాలో 1983 నుంచి సైన్యం లేకుండానే తరాలు మారాయి కదా?

విశాఖ_తీరం
సంబరాకి కూడా మొదట్లో పైలట్లు ఎక్కడ్నుంచి వచ్చారో కనుక్కో బాబూ. ఎక్కువమంది నేవీ పెన్షనర్లే అయుంటారు. నా తోటివాళ్లు రిటైరై ప్రైవేటులో చేరినవాళ్లు బోలెడుమంది.

రాజభక్తుడు
పెన్షన్ ప్లస్ జీతం. తెలివైనవాళ్లు.

వైజాగ్_పిల్ల
బాబాయ్, బీచ్ రోడ్డులో పెట్టిన పెద్ద హెలికాప్టర్ కూడా సీ కింగేనా? మా తమ్ముడు అడుగుతున్నాడు.

విశాఖ_తీరం
దాని అన్నదమ్ముల బాపతు. యూహెచ్-3హెచ్ అంటారు. అమెరికా నుంచి ఐఎన్ఎస్ జలాశ్వ ఓడతో పాటు 2007లో వచ్చాయి. డేగాలో ఐఎన్ఏఎస్ 350 స్క్వాడ్రన్ నడిపింది, దాని పేరు సారస్. 2024 జూన్ 28న వాటికి వీడ్కోలు చెప్పారు. వెతుకులాట, రెస్క్యూ, తుఫాను సాయం అన్నీ చేశాయి. ఒకదాన్ని ఊరికి ఇచ్చారు. బ్రిటన్‌లోలా మాకు పని పోలేదు, బండి మారింది. ఆ స్క్వాడ్రన్‌కి ఇప్పుడు సీ కింగ్ 42సీలు. మీ తమ్ముణ్ణి తలుపు పక్క చూడమను, వించ్ ఎక్కడ బిగిస్తారో తెలుస్తుంది.

వైజాగ్_పిల్ల
టికెట్టు ఉందా?

పులిహోర_పొట్లం
తాడు పట్టుకుని ఎక్కితే ఫ్రీ.

నైట్‌డ్యూటీ_డాక్టర్
యూకేలో ఉన్న పిల్లల కోసం ఒకటి రాసి వెళ్తా, షిఫ్ట్ మొదలవుతోంది. ఎవరు నడిపినా ఇక్కడ రెస్క్యూకి రోగి దగ్గర డబ్బు తీసుకోరు. బిల్లు వస్తుందేమోనని భయపడి ఆలస్యం చేసిన స్టూడెంట్లని చూశాను. కొండ మీద అయితే 999 కొట్టి ముందు పోలీస్ అడగండి, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పండి. తీరం దగ్గర, నీళ్లలో అయితే నేరుగా కోస్ట్‌గార్డ్. ఫోన్లో చార్జి ఉంచుకోండి, లొకేషన్ చెప్పండి, హెలికాప్టర్ వచ్చేటప్పుడు వదులుగా ఉన్న టోపీలు, బ్యాగులు పట్టుకోండి. సెల్ఫీ తర్వాత.

విశాఖ_తీరం
ఇక్కడ సముద్రంలో అయితే కోస్ట్‌గార్డ్ 1554. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ప్రతి పడవ మీదా రాసి ఉండాల్సిన నంబరు.

ఉప్సాల_ఉమ
యూకేలో ఆ కాంట్రాక్టు ముగిసింది కదా? పదేళ్లన్నారు.

లెక్కలమాస్టారు
2022లో కొత్తది ఇచ్చారు, 2024 చివర నుంచి అమలు. మళ్లీ బ్రిస్టోకే, మళ్లీ సుమారు 160 కోట్ల పౌండ్లే. ఈసారి విమానాలు, డ్రోన్లు కూడా కలిపారు. మొదటి కాంట్రాక్టులో ఉన్న పది బేసులు అలాగే ఉంచి, ఫోర్ట్ విలియం, కార్లైల్‌లో రెండు సీజనల్ బేసులు ఒప్పందంలో పెట్టారు. నాని, కార్లైల్ నీకు కాస్త దగ్గరే కదా.

న్యూకాజిల్_నాని
సీజనల్ అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, అదీ పగలు పన్నెండు గంటలు. చలికాలం రాత్రిళ్లు మా కొండల మీద కాళ్లు విరగవా మాస్టారూ?

లెక్కలమాస్టారు
వేసవిలో ఎక్కేవాళ్లు ఎక్కువ, పిలుపులూ ఎక్కువ. లెక్క అదే చెప్తుంది.

న్యూకాజిల్_నాని
ఆ లెక్క మా ప్లంబర్‌కి చెప్పండి, జనవరిలో స్ట్రెచర్ మోసేది ఆయనే.